నడిచే కాలికి హక్కు ఉంది, తవ్వే చేతికి?

గాలివాన వెలిసిన మరునాడు తెల్లవారేసరికి మిషిగన్ సరస్సు ఒడ్డున మెటల్ డిటెక్టర్లు పట్టుకున్నవాళ్లు కనిపిస్తారు. అలలు పై ఇసుకను లాక్కుపోయాక, ఉంగరాలూ నాణేలూ దాగిన అడుగుపొర పైకి తేలుతుంది. చెవిలో కూత వినబడగానే వంగి, చిల్లులున్న పారతో ఇసుక ఎత్తి నీళ్లలో జాడిస్తారు. ఎక్కువసార్లు మిగిలేది పానీయం డబ్బా నుంచి ఊడిన రేకుముక్క. అంతలో ఎదురింటి యజమాని వచ్చి "ఇది మా స్థలం, వెళ్లండి" అంటే? అమెరికా మహా సరస్సుల చుట్టూ ఈ ప్రశ్నకు రాష్ట్రానికో జవాబు ఉంది.

గాలి, పారే నీరు, సముద్రం, దాని తీరం అందరివీ అని 6వ శతాబ్దంలోనే జస్టీనియన్ చక్రవర్తి ధర్మశాస్త్రం చెప్పింది. ఆ భావన ఇంగ్లండ్ మీదుగా అమెరికా చేరింది. ఇంగ్లండ్‌లో హద్దుకు సముద్రపు పోటే కొలత. ఈ సరస్సులకు చెప్పుకోదగ్గ ఆటుపోట్లు లేవు. నీరు ఏళ్ల తరబడి పెరుగుతుంది, ఏళ్ల తరబడి తగ్గుతుంది. మిషిగన్, హ్యూరాన్ సరస్సుల మట్టం 1986 అక్టోబరులో ఉన్నదానికీ 2013 జనవరిలో ఉన్నదానికీ తేడా ఆరడుగుల పైమాటే. తగాదాకు అసలు మూలం ఈ కదిలే హద్దే.

మొదటి పెద్ద తీర్పు చికాగో నుంచి వచ్చింది. 1869లో ఇల్లినాయ్ శాసనసభ వెయ్యి ఎకరాలకు పైగా సరస్సు అడుగునేలను ఒక రైల్వే కంపెనీకి రాసిచ్చింది. 1873లో తప్పు తెలుసుకుని వెనక్కి తీసుకుంది. ఆ రద్దు చెల్లుతుందని 1892లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది: ఆ నేల ప్రజల తరఫున ప్రభుత్వం చేతిలో ఉన్న సొత్తు, అమ్మేసుకునే ఆస్తి కాదు.

సరస్సు అడుగు సంగతి తేలింది కానీ ఒడ్డు సంగతి తేలలేదు. నీరు తరచూ తగిలి, మట్టి కోసుకుపోయి, మొక్క మొలవకుండా నేల మీద మిగిలే జాడను 'సాధారణ గరిష్ఠ నీటిగుర్తు' అంటారు. ఆ గుర్తుకు దిగువన ఎవరైనా నడవవచ్చని 2005లో మిషిగన్ సుప్రీంకోర్టు చెప్పింది, పట్టా యజమాని పేరున ఉన్నా సరే. ఇండియానా కోర్టు 2018లో ఇంకా ముందుకు వెళ్లి, గుర్తు వరకు నేలే రాష్ట్రానిదంది. విస్కాన్సిన్‌లో మాత్రం పాదాలు నీటిలో ఉంచి నడవాల్సిందే.

ఈ తీర్పులు గెలిపించింది నడకను. చేపలు పట్టడానికీ పడవ ఎక్కడానికీ ఒడ్డున నడవక తప్పదు కాబట్టి ఆ హక్కు ఉందని మిషిగన్ కోర్టు వాదన. ఇండియానా 2020 చట్టం నడక, చేపల వేట, పడవ, ఈత అని పేర్లు చెప్పింది. తవ్వడం ఆ వరుసలో లేదు. ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం: గుంట పూడ్చి వెళ్లే ఓపికమంతుణ్నీ, ఒడ్డంతా గోతులు చేసి పోయేవాణ్నీ చట్టం వేరుచేయకపోతే, యజమాని ఇద్దర్నీ ఒకేలా తరుముతాడు.

స్లీపింగ్ బేర్ డ్యూన్స్ వంటి జాతీయ తీరాల్లో అయితే సందిగ్ధమే లేదు, అక్కడ డిటెక్టర్ వాడటం నిషేధం. మిషిగన్ రాష్ట్ర పార్కుల్లో అనుమతించిన చోట వెతకవచ్చు, దొరికినది సిబ్బందికి చూపాలి. పాత ఓడ శకలాల జోలికి పోకూడదు: నీటి అడుగు నేలలో కూరుకుపోయిన పాడుపడ్డ ఓడలు 1987 నాటి సమాఖ్య చట్టం ప్రకారం రాష్ట్రాలకే చెందుతాయి.

2020లో సరస్సులు పొంగినప్పుడు చాలాచోట్ల నడవడానికి ఒడ్డే మిగలలేదు. కోర్టులో గెలుచుకున్న ఆ ఇసుక పట్టీ నీటి కిందకు పోయింది. అలాంటి ఏడాదుల్లో మోకాలి లోతు నీటిలో దిగి వెతకాలి. అక్కడ కాలి కింద ఉన్న నేల ఎదురింటి యజమానిది కాదు, రాష్ట్రానిది.