ఇరుకు సందులో కరెంటు

"ఇనుములో కన్నా అల్యూమినియంలో కరెంటు సులువుగా పారుతుందని చదువుకున్నాం. మరి ఇండక్షన్ పొయ్యి మీద ఇనప పెనం చిటికెలో కాలుతుంటే, అల్యూమినియం గిన్నె పెట్టగానే బీప్ బీప్ మని ఎందుకు అరుస్తుంది?" అని ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని అడిగింది. "అయస్కాంతం అంటుకోదు కాబట్టి" అని అందరూ చెప్పేస్తారు. షాపులో గిన్నె కొనేటప్పుడు ఆ మాట చాలు. కానీ అయస్కాంతం అంటుకోవడానికీ అన్నం ఉడకడానికీ సంబంధమేమిటి?

తీగచుట్టలో కరెంటు మారుతూ ఉంటే పక్కనున్న లోహంలో కూడా కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సంగతి, పదో తరగతి పాఠం, దాన్ని వదిలేద్దాం. గిన్నె అడుగున గుండ్రంగా తిరిగే ఈ ఎడ్డీ కరెంట్లను మన పుస్తకాలు నష్టం ఖాతాలోనే రాస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌ను వేడెక్కించి శక్తిని తినేస్తాయి కాబట్టి కోర్‌ను పల్చటి రేకులుగా పేర్చాలి అని రాస్తే రెండు మార్కులు. అదే నష్టం మీద వంటింట్లో పప్పు ఉడుకుతోందని పాఠం చివర ఒక్క వాక్యం చేర్చడానికి ఎవరికీ చేతులు రావు.

అసలు కిటుకు ఇక్కడుంది. పొయ్యిలోని తీగచుట్ట ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (మనం కరెంటు పంపే చుట్ట) అయితే, గిన్నె అడుగు ఒకే ఒక్క చుట్టు ఉన్న సెకండరీ (దాని పక్కన కరెంటు పుట్టే చుట్ట). గిన్నెలో ఎంత కరెంటు తిరగాలో దాదాపుగా పొయ్యి తీగచుట్టలోని చుట్ల సంఖ్యా, అందులోని కరెంటూ నిర్ణయిస్తాయి. అంటే కరెంటు ముందే ఖాయమైపోయింది. అప్పుడు పుట్టే వేడి కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినంత. నిరోధం తక్కువైతే వేడీ తక్కువే. అల్యూమినియం మంచి వాహకం కావడమే ఇక్కడ దాని లోపం.

తిరునాళ్ళకు వచ్చిన జనం అనుకోండి. ఎంతమంది నడవాలో ఖాయం. వెడల్పాటి తారురోడ్డు మీద పంపిస్తే ఒకరికొకరు తగలకుండా వెళ్ళిపోతారు. అదే జనాన్ని గుంతలు పడ్డ ఇరుకు సందులోకి తోస్తే తోపులాట, చెమటలు. గుంతలంటే లోహం సహజ నిరోధకత. ఇనుముకు అల్యూమినియం కన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కానీ అసలు తేడా గుంతల్లో లేదు, సందు వెడల్పులో ఉంది. వేగంగా మారే కరెంటు లోహం లోతుల్లోకి పోదు, ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పారుతుంది. అది పుట్టించే అయస్కాంత క్షేత్రమే లోపలి కరెంటును రద్దు చేస్తుంది. ఇనుము ఆ క్షేత్రాన్ని వందల రెట్లు పెంచుతుంది కాబట్టి రద్దు పైపైనే జరిగిపోతుంది. అయస్కాంతం అంటుకోవడానికీ అన్నం ఉడకడానికీ ఉన్న సంబంధం ఇదే.

ఈ సందు వెడల్పుకు స్కిన్ డెప్త్ అని పేరు. నిరోధకతను ఫ్రీక్వెన్సీతోనూ అయస్కాంత పారగమ్యతతోనూ (లోహం క్షేత్రాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క) భాగించి వర్గమూలం తీస్తే, ఒక స్థిరాంకం తేడాతో, అది వస్తుంది. పొయ్యి 25 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తోందనుకుందాం. అల్యూమినియంలో ఈ లోతు సుమారు 0.53 మి.మీ. ఇనుము పారగమ్యతను 200గా తీసుకుంటే 0.07 మి.మీ. ఏడున్నర రెట్లు ఇరుకు సందు, పైగా గుంతలు. రెండూ కలిపితే ఇనుములో నిరోధం పాతిక రెట్ల పైమాటే. అల్యూమినియం గిన్నె నిరోధం ఎంత తక్కువంటే, పొయ్యిలోని తీగచుట్ట నిరోధంతో పోటీ పడుతుంది. గిన్నె బదులు చుట్టే కాగిపోతుంది. అందుకే సర్క్యూట్ ముందే పసిగట్టి బీప్ మంటుంది.

ఆ చుట్ట సంగతీ చూడండి. రాగిలో 25 కిలోహెర్ట్జ్ దగ్గర స్కిన్ డెప్త్ 0.42 మి.మీ. లావుపాటి తీగ చుడితే మధ్యలోని రాగి అంతా దండగ. అందుకే వెంట్రుకల్లాంటి సన్నటి తీగలకు విడివిడిగా ఎనామిల్ పూసి, మెలిపెట్టి చుడతారు. గిన్నెలో సందు ఇరుకు కావాలి, చుట్టలో విశాలం కావాలి.

ఈ వాదనంతటికీ నాకు బాగా నచ్చిన రుజువు అల్యూమినియం ఫాయిల్. అదే అల్యూమినియం, అయస్కాంతం అంటదు. కానీ మందం 0.02 మి.మీ. లోపే. ఇక్కడ సందును లోహపు మందమే ఇరుకు చేసింది, నిరోధం ఇనప అడుగుతో సమానం, ఒక్కోసారి ఎక్కువ. పొయ్యి శుభ్రంగా ఉంటుందని గిన్నె కింద ఫాయిల్ పరిస్తే అది కాలి, కరిగి, పొయ్యి పైనున్న గాజు పలకకు అతుక్కుపోవచ్చు. దయచేసి ప్రయోగం చేయకండి.

"ఇండక్షన్ మీద వండితే అన్నంలోకి కరెంటు దిగుతుంది, రేడియేషన్ పడుతుంది" అనే మాట ఇంకా వింటున్నాం. ఇనప అడుగు 2 మి.మీ. ఉంటే అందులో ఇరవై ఎనిమిది స్కిన్ డెప్త్‌లున్నాయి. ఒక్కొక్కటి దాటేసరికి క్షేత్రం 37 శాతానికి పడిపోతుంది. ఇరవై ఎనిమిది సార్లు అలా పడ్డాక అన్నానికి చేరేదేముంటుంది? పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం పొయ్యికి రెండడుగుల ఎడంగా ఉండాలి, డాక్టర్ని అడగాలి. అది మూఢనమ్మకం కాదు.

అల్యూమినియం మీద ఇండక్షన్ వంట అసాధ్యమేమీ కాదు. ఫ్రీక్వెన్సీ నాలుగు రెట్లు పెంచితే సందు సగమవుతుంది, నిరోధం రెట్టింపవుతుంది. జపానులో ఏ లోహానికైనా పనిచేసే పొయ్యిలు ఇలాంటి ఉపాయంతోనే వచ్చాయి. వాటికో చిక్కుంది. నిరోధం తక్కువ కాబట్టి చాలా ఎక్కువ కరెంటు తిప్పాలి. ఆ కరెంటు పుట్టించే క్షేత్రం చుట్ట క్షేత్రాన్ని వికర్షిస్తుంది. గిన్నె తేలికదైతే, అందులో నీళ్ళు తక్కువైతే, అది కాస్త పైకి లేచి పక్కకు జారుతుంది. మన కుక్కర్ల తయారీదారులకు ఇంత తంటా అక్కర్లేకపోయింది. అల్యూమినియం కుక్కరు అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు బిళ్ళ ఒకటి అదిమి, "ఇండక్షన్ బేస్" అని రాసి అమ్ముతున్నారు.