సిమెంటులో మలినాలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తానని తెలిస్తే చాలు, గుంటూరులో ఇల్లు కట్టుకునేవాళ్లు "అసలు ప్యూర్ సిమెంటు ఏదండీ?" అని అడుగుతారు. అలాంటి సిమెంటు బస్తాల్లో దొరకదు. దొరకకపోవడమే మంచిది.

అపోహ: మలినాలు లేకపోతే సిమెంటు ఇంకా గట్టిపడుతుంది.

వాస్తవం: బెలైట్‌నే తీసుకోండి. 28 రోజుల తర్వాత కూడా కాంక్రీటుకు బలం పెంచుతూ పోయే ఖనిజం ఇది. మలినమే లేని బెలైట్‌ను నెమ్మదిగా చల్లారిస్తే, సుమారు 500 డిగ్రీల కిందికి వచ్చేసరికి దాని స్ఫటికం బీటా రూపం వదిలి గామా రూపంలోకి మారిపోతుంది. ఘనపరిమాణం దాదాపు 12 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి గడ్డలు వాటంతటవే పగిలి పొడైపోతాయి. పైగా గామా రూపం మామూలు వేడిలో నీళ్లతో దాదాపుగా చర్య జరపదు, అంటే ఆ పొడి సిమెంటుగా పనికిరాదు. కిల్న్ (సిమెంటు కొలిమి) నుంచి వచ్చే క్లింకర్‌కు, అంటే జిప్సంతో కలిపి పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలకు, ఈ గతి పట్టనిది అల్యూమినియం, ఇనుము, పొటాషియం, గంధకం వంటివి కొద్దికొద్దిగా స్ఫటికంలో చేరి బీటా రూపాన్ని నిలబెట్టడం వల్లే. కూలర్‌లో వేగంగా చల్లార్చడమూ అందుకు తోడ్పడుతుంది.

అపోహ: మలినమంటే సిమెంటులో కలిసిన మట్టి.

వాస్తవం: జల్లెడకు చిక్కేది కాదిది. 1,450 డిగ్రీల వేడిలో పరమాణువులే ఒకదాని చోట ఇంకొకటి కుదురుకుంటాయి. క్లింకర్‌లో సగానికి పైగా ఉండే ఎలైట్ అనే ఖనిజం శుద్ధంగా ఉంటే, గది వేడిలో ట్రైక్లినిక్ అనే అమరిక ఉన్న స్ఫటికం. మన క్లింకర్‌లో అది సాధారణంగా మోనోక్లినిక్ అనే వేరే అమరిక. అందులోనూ మెగ్నీషియం ఎక్కువైతే ఎం3 రూపం వైపు, సల్ఫేట్ ఎక్కువైతే ఎం1 వైపు మొగ్గుతుంది. రసాయన విశ్లేషణ ఒక్కటే చేస్తే ఈ తేడా కనపడదు, ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో (ఎక్స్-కిరణాలతో స్ఫటికం అమరికను పట్టే పరీక్షలో) చూడాల్సిందే. ట్రైకాల్షియం అల్యూమినేట్ అనే ఖనిజం కూడా అంతే: సోడియం తగినంత చేరితే దాని స్ఫటికం అమరిక క్యూబిక్ నుంచి ఆర్థోరాంబిక్ అవుతుంది, నీళ్లు, జిప్సంతో దాని చర్య తీరు మారుతుంది.

అపోహ: రంగు ముదురుగా ఉంటే బలం ఎక్కువ.

వాస్తవం: రంగు ప్రధానంగా ఇనుమున్న ఫెర్రైట్ ఖనిజానిది. శుద్ధ ఫెర్రైట్ గోధుమరంగు, మెగ్నీషియం చేరితే నల్లబడుతుంది. పీపీసీలో (థర్మల్ కేంద్రాల బూడిద, అంటే ఫ్లైయాష్, కలిపిన సిమెంటులో) ఆ బూడిద రంగు కూడా కలుస్తుంది. విజయవాడలోనైనా ఇంకెక్కడైనా, మేస్త్రీ చేతిలోకి తీసుకుని రంగు చూసి చెప్పే తీర్పును నమ్మకండి.

అపోహ: అయితే మలినం ఎంతున్నా ఫర్వాలేదు.

వాస్తవం: ఇదే అన్నిటికంటే ప్రమాదం. క్లింకర్ ఖనిజాలు మెగ్నీషియాను (మెగ్నీషియం ఆక్సైడ్‌ను) సుమారు 2 శాతం వరకే తమలో ఇముడ్చుకుంటాయి. మిగిలింది పెరిక్లేస్ అనే విడి స్ఫటికంగా ఉండిపోతుంది. అది నీళ్లతో చాలా నెమ్మదిగా కలుస్తూ, కాంక్రీటు గట్టిపడిన ఏళ్ల తర్వాత ఉబ్బి పగుళ్లు తెస్తుంది. పల్నాడు గనుల్లో పొరపొరకూ రాయి నమూనాలు తీయించేది ఈ భయంతోనే. అందుకే ఐఎస్ 269 అనే భారత ప్రమాణం ప్రకారం ఓపీసీలో (సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటులో) మెగ్నీషియా 6 శాతం మించకూడదు, ఆటోక్లేవ్ పరీక్షలో (అధిక పీడన ఆవిరిలో ఉంచి చూసేదానిలో) వ్యాకోచం 0.8 శాతం దాటకూడదు. స్లాబ్ వేసే ముందు డీలర్‌ను టెస్ట్ సర్టిఫికెట్ అడిగి, ఈ రెండు అంకెలూ చూసుకోండి.