అంటగట్టడం: ఆ మాట మీద అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం బజారులో ఒకే బండి దగ్గర "ధర ఎంత?" అని ఒకరు తెలుగులో, "దర కేతే?" అని మరొకరు ఒడియాలో అడుగుతుంటారు. రెండు భాషల్లోనూ జవాబు చెప్పి బతికే ఈ చిరువ్యాపారుల మీద "అంటగడతారు" అనే మాట ఇట్టే పడిపోతుంది. ఆ మాటకు అసలు అర్థం తెలిస్తే అంత తేలిగ్గా అనలేం.

అపోహ: వీధిలో కేకవేసి అమ్మడమే అంటగట్టడం.
వాస్తవం: కేక పిలుపు మాత్రమే. "అంట" అంటే అంటుకునేలా; దానికి "కట్టు" చేరింది. అక్కర్లేదన్నా వదలకుండా తగిలించడమన్న మాట. అందుకే సరుకుకే కాదు, "లేని నేరం అంటగట్టారు" అని నిందకూ వాడతాం. రెండుచోట్లా అవతలి మనిషి ఒప్పుకోలు లేదు. మామిడికి అంటుకట్టడం వేరు, ఈ అంటగట్టడం వేరు.

అపోహ: వెంటపడితేనే అంటగట్టినట్టు.
వాస్తవం: కూర్చున్నచోటు నుంచి కూడా అంటగట్టొచ్చు. అరకిలో వంకాయలు అడుగుతారు. తక్కెడలో రెండు గుప్పిళ్లు పడతాయి, పళ్లెం కిందికి దిగిపోతుంది. "ముప్పావు ఉందమ్మా, ఉంచేసుకో" అంటూనే చేయి సంచి మూతి తెరిచేస్తుంది. వెనక జనం ఆగి ఉంటారు, అమ్మగారు మొహమాటపడి డబ్బు ఇచ్చేస్తారు. ఇక్కడ గొంతు పెరగలేదు, అయినా పావుకిలో అంటగట్టారు. పూలమూర చేతిలో పెట్టేసి ఆ తర్వాత ధర చెప్పడమూ ఇదే పద్ధతి.

కొనేవాళ్లు ముందు ధర అడగాలి, తర్వాత తూకం చెప్పాలి, ముల్లు నిలిచాక సంచి తెరవాలి. ఎక్కువైతే "తీసేయండి" అని అక్కడే అనాలి. ఇంటికెళ్లి తిట్టుకుంటే లాభం లేదు. కొనేవాళ్లు "వద్దు" అన్నా, ఒడియాలో "నేబిని" (తీసుకోను) అన్నా అమ్మేవాళ్లు ఒక్కసారికే ఆగాలి. రెండోసారి అడిగితే ఈ బేరం కుదరొచ్చేమో కానీ ఆ మనిషి రేపు మీ బండి ముందు ఆగరు.

అపోహ: బేరం ఆడాక కొనమంటే అంటగట్టినట్టే.
వాస్తవం: మీరే "నలభైకిస్తావా?" అని అడిగి, అతను "సరే" అన్నాక తప్పుకుంటే తప్పు మీదే. ధర అడిగినంత మాత్రాన కొనాలని లేదు. మీ నోట ధర వచ్చి, అతను ఒప్పుకున్నాక కొనడం మర్యాద.

అపోహ: రోడ్డు మీద అమ్మేవాళ్లకు చట్టంలో చోటు లేదు.
వాస్తవం: 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్ల కోసమే వచ్చింది. కనీసం అయిదేళ్లకోసారి సర్వే చేయాలి, అర్హులకు వెండింగ్ సర్టిఫికెట్ (అమ్ముకునే అనుమతి పత్రం) ఇవ్వాలి. 14 ఏళ్లు నిండనివాళ్లకు ఇవ్వరు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఉండాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి. కూరగాయల్లాంటి పాడైపోయేవి, విక్రేత అడిగి రుసుము కడితే, ఆ రోజే తిరిగివ్వాలి, మిగతావి రెండు పనిదినాల్లో. జాబితా కాగితం చేతికి రాకుండా అక్కడినుంచి కదలొద్దు. అది లేకపోతే ఎన్ని కిలోలు పోయాయో తేల్చే దారి ఉండదు.

రైళ్లకూ రైల్వే స్థలాలకూ ఈ చట్టం వర్తించదు. ఇచ్ఛాపురం, బరంపురం మధ్య బోగీల్లో అనుమతి లేకుండా అమ్మితే రైల్వే చట్టం 144వ సెక్షన్ కింద కేసు పెడతారు. బలవంతం చేయకపోయినా, మెల్లగా అడిగినా సరే.