గీత కదలకపోతే సంతోషించొద్దు: లాస్ ల్యాండ్‌స్కేప్ శాంప్లింగ్‌లో అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది నాలుగో ఫోను. ఈసారి కావలి నుంచి, ఫైనలియర్ అమ్మాయి, రాత్రి పదిన్నరకి. వరి ఆకు ఫొటో చూసి అగ్గితెగులో కాదో చెప్పే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ ఆమె ప్రాజెక్టు. కొత్తవాళ్లకి ఒక మాట: నెట్‌వర్క్ నేర్చుకునే అంకెలే వెయిట్లు, అది ఎంత తప్పుతోందో చెప్పే అంకె లాస్. వెయిట్లు మారేకొద్దీ లాస్ పెరిగీ తగ్గీ కొండలూ గుంటల్లా ఉంటుంది, అదే లాస్ ల్యాండ్‌స్కేప్. అందులో కాస్త గుడ్డిగా అడుగులేస్తూ, లాస్ తక్కువున్న వెయిట్లని ఏరడమే శాంప్లింగ్. ఆ అడుగుల వరుస చైన్, అలా నడిపే ఒక పద్ధతి ఎస్‌జీఎల్‌డీ, ఆ గుడ్డి అంకెల్ని మొదలుపెట్టే అంకె సీడ్.

"సార్, ఎస్‌జీఎల్‌డీ చైన్ మూడు రోజులు నడిపాను. లాస్ గీత అస్సలు కదలడం లేదు. ల్యాండ్‌స్కేప్ మొత్తం శాంపిల్ అయిపోయిందని సంతోషపడ్డాను. సీడ్ మార్చి చూస్తే వెయిట్లు ఎక్కడో ఉన్నాయి. అంతా తప్పేనా సార్?"

వచ్చే వారం వైవా. గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది. సీడ్ మారితే వెయిట్లు మారడం తప్పు కాదమ్మా, భయపడొద్దు అని ముందు చెప్పాను. నన్ను కంగారుపెట్టింది ఆమె సంతోషపడిన సంగతి.

అపోహ: గీత నిలకడగా ఉంటే చైన్ మొత్తం చూసేసినట్టే.

మన వైపు మిల్లుకి వడ్లు తోలినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీసి తేమ చూస్తారు. లారీలో ఒకే బస్తాని, అదీ ఒకే మూలలో, వెయ్యిసార్లు గుచ్చినా వెయ్యిసార్లూ దాదాపు అదే అంకె వస్తుంది. గీత గీస్తే చక్కగా అడ్డంగా ఉంటుంది. అది చూసి లోడంతా 17 శాతం లోపే ఉందంటే మిల్లరు ఒప్పుకుంటాడా? అడుగు బస్తాలు తడిసి ఉంటే పుట్టికి ఎంత కోస్తారో రైతుకీ తెలుసు.

చైన్ సంగతీ అంతే. ట్రెయినింగ్ అయిన చోటు నుంచి మొదలైన చైన్ ఆ చోటున్న గుంటలోనే, అంటే లాస్ తక్కువున్న పల్లంలోనే తిరుగుతుంది. గట్టు దాటాలంటే ఎన్ని స్టెప్పులు పడతాయో చెప్పలేం, మన ఓపిక చాలదు. ఆ గుంట గురించి అడిగితే నిజమే చెబుతుంది: ఎంత వెడల్పు, ఏ దిక్కున చదును. జపాన్ గణితవేత్త సుమియో వతనబె సిద్ధాంతం ఆధారంగా లోకల్ లెర్నింగ్ కోఎఫిషియెంట్ (గుంట ఎంత చదునో చెప్పే అంకె) కొలిచేవాళ్లకి కావలసింది కూడా అదే. ల్యాండ్‌స్కేప్ మొత్తం గురించి ఆ ఒక్క చైన్‌ని సాక్ష్యం అడగకూడదు.

నాకు ఇది అనుభవం మీద తెలిసింది. 2021 నవంబరులో పెన్నా పొంగిన వారం మా వీధిలో కరెంటు పోయి, పదకొండు రోజులుగా నడుస్తున్న చైన్ ఆగిపోయింది. అప్పటిదాకా నడిచింది దాచిన చెక్‌పాయింట్ ఫైలు పాడైంది. కొత్త సీడ్‌తో మళ్లీ మొదలుపెడితే లాస్ అంతే వచ్చింది గానీ, కొన్ని ఫొటోల మీద మొదటి చైన్ ఎంతో ధీమాగా చెప్పిన జవాబుని రెండోది సందేహంగా చెప్పింది. అప్పటికే మొదటి చైన్ అంకెలతో ఒక సంస్థకి రిపోర్టు ఇచ్చి ఉన్నాను. వెనక్కి తీసుకున్నాను. కరెంటు పోకపోయి ఉంటే ఆ రిపోర్టు అలాగే ఉండిపోయేది. ఆ తర్వాత వేర్వేరు చోట్ల మొదలుపెట్టిన నాలుగు చైన్లు లేకుండా నేను నోరు తెరవలేదు.

మరి సీడ్ మారితే వెయిట్లు ఎందుకు అంత దూరం పోతాయి? 10 టాన్‌హెచ్ న్యూరాన్ల హిడెన్ లేయర్ (మధ్య పొర) తీసుకోండి. టాన్‌హెచ్ అంటే లోపలికిచ్చే అంకె గుర్తు మారిస్తే బయటికొచ్చేదాని గుర్తు కూడా మారే ఫంక్షన్. వాటి వరుస మార్చడానికి 36,28,800 పద్ధతులున్నాయి. ఒక్కో న్యూరాన్‌కి ముందూ వెనకా ఉన్న వెయిట్ల ప్లస్, మైనస్ గుర్తులు తిప్పినా ఫలితం మారదు కాబట్టి ఇంకో 1,024 రెట్లు. అంటే 371 కోట్లకు పైగా చోట్ల అచ్చంగా అదే నెట్‌వర్క్ ఉంది. ఏ చైనూ అవన్నీ తిరగలేదు, తిరగక్కర్లేదు కూడా. పోల్చాల్సింది వెయిట్లని కాదు, ఒకే ఫొటోల మీద చైన్లు ఇచ్చే జవాబుల్ని. 2021లో పరిశోధకుడు ఇజ్మాయిలోవ్ బృందం 512 టీపీయూల (గూగుల్ ఏఐ చిప్‌ల) మీద హెచ్‌ఎమ్‌సీ, అంటే హామిల్టోనియన్ మాంటీకార్లో అనే శాంప్లింగ్ పద్ధతి నడిపినప్పుడు కూడా చైన్లు వెయిట్లలో కన్నా జవాబుల్లోనే బాగా కలిశాయి.

అపోహ: ఎస్‌జీఎల్‌డీ అంటే ఎస్‌జీడీకి (ట్రెయినింగ్‌లో వాడే మామూలు పద్ధతికి) కాస్త నాయిస్, అంటే గుడ్డి కుదుపు కలపడమే.

ఆ "కాస్త" దగ్గరే చాలామంది దెబ్బ తింటున్నారు. 2011లో వెల్లింగ్, టే అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రంలో గ్రేడియంట్‌ని (ఆ చోటి వాలుని) స్టెప్ సైజులో సగంతో గుణిస్తాం. నాయిస్ వేరియన్స్ స్టెప్ సైజుకి సమానం, అంటే స్టాండర్డ్ డీవియేషన్ దాని వర్గమూలం. స్టెప్ 0.0001 అయితే నాయిస్ 0.01 ఉండాలి. వర్గమూలం మరిచి 0.0001 పెడితే నాయిస్ వంద రెట్లు తగ్గింది, టెంపరేచర్ (చైన్ ఎంత స్వేచ్ఛగా తిరుగుతుందో చెప్పే అంకె) పదివేల రెట్లు పడిపోయింది. ఇక అది నడిచేది మామూలు ఎస్‌జీడీలాగే.

దీనికి ఎదురు తప్పు, సగటు లాస్ తీసుకుని దాన్ని డేటా సంఖ్యతో గుణించకపోవడం. 60,000 బొమ్మలుంటే టెంపరేచర్ 60,000 రెట్లు పెరిగినట్టు. చైన్ గుంట వదిలేసి ఎటో పోతుంది, మనం ల్యాండ్‌స్కేప్‌ని తిడతాం.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

కొండలూ లోయల రంగుల బొమ్మ ల్యాండ్‌స్కేప్ కాదు. లక్షల దిక్కుల్లో రెండు ఎంచి కోసిన ముక్క అది. చూడండి, నమ్మకండి.

చదునైన గుంట మంచిది, నిటారు గుంట చెడ్డది అని కళ్లు మూసుకుని చెప్పకండి. రెలూ (మైనస్ అంకెల్ని సున్నా చేసే ఫంక్షన్) నెట్‌వర్క్‌లో ఒక లేయర్‌ని 10తో గుణించి తర్వాతి లేయర్‌ని 10తో భాగించండి. జవాబులు మారవు, నిటారుతనం మారిపోతుంది. దిన్ బృందం 2017లోనే చూపించింది.

గుంటలన్నీ విడివిడి దీవులు అనేదీ పాతబడ్డ మాట. లాస్ పెద్దగా పెరగకుండానే ఒకదాన్నుంచి ఇంకోదానికి వంపు దారులున్నాయని 2018లో రెండు బృందాలు చూపించాయి. అయితే దారి ఉన్నంత మాత్రాన మీ చైన్ దాన్ని పట్టుకుంటుందని కాదు.

పెద్ద జీపీయూ లేనివాళ్లు శాంప్లింగ్ జోలికి పోకూడదని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారు. పిల్లల్ని ఇలా భయపెట్టడం ఆపండి. రాడ్‌ఫర్డ్ నీల్ 1990ల్లోనే, అప్పటి కంప్యూటర్ల మీదే, చిన్న నెట్‌వర్కులకి హెచ్‌ఎమ్‌సీ నడిపారు. కొన్ని వందల వెయిట్లున్న నెట్‌వర్క్‌కి మీ ల్యాప్‌టాప్ చాలు.

కావలి అమ్మాయిని నాయిస్ కలిపే లైను ఒక్కటి పంపమన్నాను. వర్గమూలం లేదు. మూడు రోజులు గీత కదలకపోవడానికి అదే కారణం. దిద్దుకుని రెండో రోజు మళ్లీ ఫోన్ చేసింది, "సార్, ఇప్పుడు గీత ఊగుతోంది, పాడైపోయిందా?" అని. ఊగనీ తల్లీ, ఇప్పుడే శాంపిల్ తీస్తోంది అన్నాను. ఇప్పుడు నాలుగు సీడ్లతో నాలుగు చైన్లు నడుస్తున్నాయి, రెండు ఆమె ల్యాప్‌టాప్‌లో, రెండు వాళ్ల అన్నదాంట్లో. వైవాకి ముందు రోజు నాలుగింటి జవాబులూ అవే ఫొటోల మీద పక్కపక్కన పెట్టి చూస్తామని చెప్పింది.