2000 మిల్లీగ్రాముల గీత: రెసిన్ల నోటి విష పరీక్ష దారి మళ్ళింది ఎక్కడ?

కొన్ని రకాల పాలిమర్లను, అంటే చిన్న అణువులు గొలుసులా అతుక్కుని ఏర్పడే పదార్థాలను కూడా యూరప్ రసాయనాల చట్టమైన రీచ్ కింద రిజిస్టర్ చేయిస్తామని యూరోపియన్ కమిషన్ 2020 అక్టోబరులో తన రసాయనాల వ్యూహంలో ప్రకటించింది. ఆ చట్టం మొదటి నుంచీ పాలిమర్‌కు మినహాయింపు ఇచ్చింది, దాని తయారీలో వాడే చిన్న అణువును, అంటే మోనోమర్‌ను రిజిస్టర్ చేస్తే సరిపోయేది. ఆ మాట మళ్ళీ చర్చకు వచ్చిన ప్రతిసారీ ఒకే గొడవ. ఎపాక్సీ, ఫినాలిక్, పాలియెస్టర్ లాంటి పాలిమర్ రెసిన్లను ఇక ఎలుకల పొట్టలోకి పంపించి చూడాలా? ఒక వర్గం కొలిచిన అంకె కావాలంటుంది. లెక్క కట్టగలిగినదాన్ని కొలవడం ఎందుకని రెండో వర్గం అడుగుతుంది. 1927లో ట్రెవాన్ ఎల్‌డీ50ని, అంటే సగం జంతువులను చంపే మోతాదును ప్రతిపాదించడం, దాని మీద వచ్చిన విమర్శలు చాలామందికి తెలిసినవే. ఇప్పటి పేచీ అర్థం కావాలంటే 2002 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది చివర, దేశాలన్నీ వాడే పరీక్షా పద్ధతులను రాసే ఓఈసీడీ సంస్థ, నోటి విష పరీక్షకున్న 401వ గైడ్‌లైన్‌ను పూర్తిగా తీసేసింది. 1981 నాటి దాని మొదటి రూపం ప్రకారం పూర్తి పరీక్షకు కనీసం మూడు మోతాదులు, ఒక్కో మోతాదుకు ఐదు ఆడ, ఐదు మగ ఎలుకలు కావాలి. అంటే తక్కువలో తక్కువ 30. దాని స్థానంలో 420, 423, 425 నిలిచాయి. జంతువుల సంఖ్య తగ్గిందన్నదే అందరూ చెప్పుకున్న సంగతి, అది నిజమే. అసలు మార్పు మాత్రం ప్రశ్నలో వచ్చింది. ఎంత మోతాదుకు సగం ఎలుకలు చస్తాయని 401 అడిగేది. పదార్థం ఏ తరగతిలో పడుతుందన్నదే కొత్త గైడ్‌లైన్లకు కావాలి. మరుసటి ఏడాది వచ్చిన జీహెచ్‌ఎస్ అనే అంతర్జాతీయ లేబుల్ వ్యవస్థ గీతలూ అవే: కిలో శరీర బరువుకు 5, 50, 300, 2000 మిల్లీగ్రాములు. పైన 5000 దాకా ఐదో తరగతి ఒకటుంది గానీ యూరప్ దాన్ని తీసుకోలేదు.

రెసిన్‌కు ఇది చాలా పెద్ద మార్పు. పొడవాటి గొలుసు అణువులు పేగు గోడ దాటవు, కాబట్టి చాలా రెసిన్లు 2000 దాటి ఎక్కడో ఉంటాయి. వీటి విషయంలో పరీక్షంతా ఒక్క మోతాదుకు కుదించుకుపోయింది. 2000 ఇచ్చి చూడు, చావకపోతే లేబుల్ అక్కర్లేదు.

ఆ ఒక్క మోతాదు ఇవ్వడం మాటల్లో ఉన్నంత తేలిక కాదు. 423 ప్రకారం 8 నుంచి 12 వారాల వయసున్న మూడు ఆడ ఎలుకలను తీసుకుంటారు. ముందు రాత్రి మేత తీసేస్తారు, నీళ్ళు ఉంచుతారు. ఉదయం తూచి ఆ బరువు మీద మోతాదు లెక్కిస్తారు. 200 గ్రాముల ఎలుకకు 400 మిల్లీగ్రాముల రెసిన్. ఇచ్చే ద్రవం మామూలుగా 100 గ్రాముల బరువుకు 1 మిల్లీలీటరు దాటకూడదు గనక, ఆ 400 మిల్లీగ్రాములనూ 2 మిల్లీలీటర్లలో ఇమడ్చాలి. మొదటి అరగంటలో కనీసం ఒకసారి, మొదటి నాలుగు గంటలు మరింత శ్రద్ధగా, తర్వాత 14 రోజుల పాటు రోజూ గమనించాలి. మూడింటిలో ఒకటి చచ్చినా, ఏదీ చావకపోయినా మరో మూడింటికి అదే మోతాదు ఇస్తారు. రెండు, అంతకు మించి చస్తే 300కు దిగుతారు. చివర్లో అన్నిటినీ కోసి చూస్తారు.

రెసిన్ మొండికేసేది ఆ 2 మిల్లీలీటర్ల దగ్గరే. సాధారణ ద్రవ ఎపాక్సీ చిక్కదనం 25 డిగ్రీల దగ్గర 11,000 నుంచి 14,000 మిల్లీపాస్కల్ సెకన్లు. తేనెలా సాగే ఆ పదార్థం, పొట్టలోకి నేరుగా మందు దించే, కొసన గుండు ఉన్న గావేజ్ సూదిలోంచి సాఫీగా దిగదు. అందుకే మొక్కజొన్న నూనెలోనో, పాలిఇథిలీన్ గ్లైకాల్‌లోనో కలుపుతారు. ఘన రెసిన్‌ను పొడి చేసి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ద్రావణంలో తేలేస్తారు. కలియబెడుతూనే సిరంజిలోకి లాగకపోతే పొడి అడుగుకు చేరుతుంది. మొదటి ఎలుకకు పల్చటి నీళ్ళు, చివరి ఎలుకకు ముద్ద అందుతాయి. సూది అన్నవాహికలోకి కాక శ్వాసనాళంలోకి జారితే ఎలుక నిమిషాల్లో ఎగశ్వాసతో, ముక్కున నురగతో చస్తుంది. ఊపిరితిత్తులు కోసి చూడకుండా దాన్ని విషం ఖాతాలో రాస్తే పదార్థం తరగతే మారిపోవచ్చు.

ఐసోసయనేట్ ఉన్న రెసిన్లది ఇంకో తంటా. నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ వదులుతూ గట్టిపడడం వాటి స్వభావం. పొట్టలో జరిగేదీ అదే. కోసి చూస్తే ఉబ్బిన జీర్ణాశయం, లోపల గడ్డకట్టిన ముద్ద. అక్కడ చావుకు కారణం విషమా, అడ్డమా? మిల్లీగ్రాముల్లో రాసే తరగతిలో ఈ తేడాకు చోటే లేదు.

పరీక్ష అక్కర్లేదనేవారి వాదన బలం ఇక్కడుంది. రెసిన్‌లో విషమంటూ ఉంటే అది దాదాపుగా మిగిలిపోయిన చిన్న అణువుల్లోనే ఉంటుందని, వాటిని కొలవచ్చని వారంటారు. ఫినాలిక్ రెసిన్‌ను తీసుకుందాం. ఫినాల్ నోటి విషంలో మూడో తరగతి, అంటే 50 నుంచి 300 మధ్యది. అసలు అంకెకు బదులు తరగతే తెలిసినప్పుడు లెక్కలో దానికి 100 వేస్తారు. మిశ్రమాల సూత్రం ప్రకారం ఒక్కో విష భాగపు శాతాన్ని దాని అంకెతో భాగించి, వచ్చినవన్నీ కూడి, ఆ మొత్తంతో 100ను భాగించాలి. చర్యలో కలవకుండా మిగిలిన స్వేచ్ఛా ఫినాల్ 4 శాతం ఉంటే 2500 వస్తుంది, యూరప్‌లో నోటి విషానికి లేబుల్ లేదు. 6 శాతమైతే సుమారు 1667, అంటే నాలుగో తరగతి. మిశ్రమంలోని భాగాలను విడదీసి కొలిచే క్రోమటోగ్రాఫ్‌తో తేలే ఈ పనికి ఆరు ఎలుకలు దేనికి?

ఎదుటి పక్షం జవాబు ఒక్కటే అయినా గట్టిది. గొలుసుగా ఎదగని పొట్టి ముక్కలు, అంటే ఒలిగోమర్లు, ఎంత విషమో తెలియదు. తెలియని భాగం 10 శాతం దాటితే సూత్రంలో 100 బదులు, ఆ శాతం తీసేయగా మిగిలినది వాడాలి. అదే 4 శాతం ఫినాల్ రెసిన్‌లో 30 శాతం ఒలిగోమర్ తెలియనిదైతే 70ని 0.04తో భాగించాలి. జవాబు 1750. ఇందాక లేబుల్ లేని సీసాకు ఇప్పుడు లేబుల్ పడింది.

ఇప్పటి గొడవకు మూలం ఆ 30 శాతమే. ఎలుకలకు బదులు కణాల మీద చేసే న్యూట్రల్ రెడ్ పరీక్షతో తేల్చుకుందామంటే, కణాలు పెరిగే ద్రవంలో రెసిన్ కరగదు. కంప్యూటర్ మోడల్‌కు ఒక నిర్దిష్ట అణు నిర్మాణం కావాలి, రెసిన్‌కు అలాంటిది ఒకటి ఉండదు. అమెరికా పాలిమర్ మినహాయింపు దీన్ని అణుభారంతో కత్తిరించింది. సగటు అణుభారం 1,000 నుంచి 10,000 లోపు ఉంటే 500 కంటే తక్కువ భారమున్న ముక్కలు 10 శాతం లోపు, 1000 కంటే తక్కువవి 25 శాతం లోపు ఉండాలి. ద్రవ ఎపాక్సీ ఈ జల్లెడ దాటదు, దానిలోని ప్రధాన అణువు భారమే 340. నోటి పరీక్షలో మాత్రం 2000ను తేలిగ్గా దాటుతుంది. చేతులకు దురద, దద్దుర్లు తెప్పించే అలర్జీ కారకం (సెన్సిటైజర్) కూడా అదే. ఎలుక పొట్ట ఆ సంగతి చెప్పలేదు.

అంకె కావాలనే పక్షం పెద్దగా మాట్లాడని అంశం ఇంకోటుంది. రిసాల్ రకం ఫినాలిక్ రెసిన్ నిల్వలో కూడా చర్య సాగిస్తూనే ఉంటుంది. స్వేచ్ఛా ఫార్మాల్డిహైడ్ తగ్గుతుంది, చిక్కదనం పెరుగుతుంది. ఎలుకలకు ఇచ్చింది ఆ రోజు సీసాలో ఉన్న పదార్థం. మూడు నెలల తర్వాత అదే పీపా నుంచి తీసిన నమూనాను క్రోమటోగ్రాఫ్‌లో మళ్ళీ నడపవచ్చు, కానీ రిజిస్ట్రేషన్ కోసం ఇచ్చే డోసియర్‌లో ఉండేది మొదటి రోజు ఎలుకల ఫలితమే.