ఆ రెండు ఫోల్డర్ల సంగతి: పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

మొన్న ఆదివారం మారతహళ్ళి ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మీ ఆపరేటింగ్ సిస్టమ్ చూపించారు కదా. చిప్‌ని అనుకరించే క్యూఎమూ ప్రోగ్రామ్‌లో అది బూట్ అయి మొదటి లైను పడగానే మీరిద్దరూ వేసిన కేకకి మీ పెద్దమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాకు చాలా సంతోషమేసింది. కాలేజీ పిల్లలు రిస్క్-ఫైవ్ రకం ప్రాసెసర్ మీద సొంతంగా కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రాయడం, అదీ 32 బిట్‌కీ 64 బిట్‌కీ రెండింటికీ, మా రోజుల్లో ఊహకి కూడా అందని పని. కానీ లోపల చూస్తే ఆర్‌వీ32 అని ఒక ఫోల్డరు, ఆర్‌వీ64 అని ఇంకో ఫోల్డరు, రెండింట్లోనూ అవే పేర్లతో అవే ఫైళ్ళు. ఇదేంట్రా అంటే, "ముందు 32 రాశాం పెదనాన్నా, అది నడిచాక మొత్తం కాపీ కొట్టి 64కి మార్చుకున్నాం, రెండూ పని చేస్తున్నాయిగా" అన్నారు. నేను నోరు తెరిచేలోపు మీకు బస్సు టైమైపోయింది.

మీరు చేసింది తప్పని తిట్టడానికి రాయట్లేదు. లినక్స్ కెర్నల్ వాళ్ళు కూడా అలాగే మొదలుపెట్టారు. కాపీ కొట్టిన రోజున ఏ ఇబ్బందీ ఉండదు, రెండూ నడుస్తాయి, పైగా ఒకదాన్ని కదిపితే రెండోది చెడుతుందన్న టెన్షన్ కూడా లేదు. ఇబ్బంది ఎప్పుడొస్తుందో నాకు జరిగిందే చెప్తాను.

చాలా ఏళ్ళ క్రితం ఇక్కడే బెంగళూరులో ఒక కంపెనీలో నెట్‌వర్క్ బాక్సులకి కెర్నల్ పని చూసేవాణ్ణి. పాత బాక్సులో 32 బిట్ చిప్, కొత్తదాంట్లో అదే కుటుంబానికి చెందిన 64 బిట్ చిప్, ఇంటరప్ట్ కోడ్ (హార్డ్‌వేర్ పిలిచినప్పుడు పలికేది) మాత్రం పాతదాన్నుంచి కొత్తదానికి కాపీ. పాత బాక్సు వారానికో పదిరోజులకో ఒకసారి ప్యాకెట్లు తీసుకోవడం మానేసి ఊరికే కూర్చునేది. మూడు వారాలు వెతికాం. సంగతేంటంటే, ప్యాకెట్ వచ్చినప్పుడు హార్డ్‌వేర్ ఒక రిజిస్టర్‌లో (చిప్ లోపలి చిన్న గడి) ఒక బిట్ పెడుతుంది, అదే మనకి కబురు. మా కోడ్ వచ్చిన ప్యాకెట్లన్నీ తీసుకుని, చివర్లో ఆ బిట్‌ని చెరిపేది. ఆఖరి ప్యాకెట్ తీసుకోవడానికీ బిట్ చెరపడానికీ మధ్య ఉన్న ఆ చిన్న సందులో ఇంకో ప్యాకెట్ వచ్చి పడితే, దాని కబురు కూడా పాతదాంతో పాటు తుడిచిపెట్టుకుపోయేది. ప్యాకెట్ లోపలుంది, అది వచ్చిందని ఎవరికీ తెలీదు. చెరిపే లైనుని పైకి జరిపాం, ముందు చెరిపి తర్వాత పని. ఒక్క లైను. అందరం బయటికెళ్ళి దోసెలు తిని వచ్చాం.

ఎనిమిది నెలల తర్వాత కొత్త బాక్సుకి అదే జబ్బు. వాళ్ళది వేరే టీమ్, వేరే అంతస్తు. వాళ్ళూ వాళ్ళ తంటాలు వాళ్ళు పడి, చివరికి ఒక శనివారం రాత్రి నన్ను పిలిచారు. రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెట్టి, తేడాలు చూపించే డిఫ్ కొట్టాను. నాలుగొందల చిల్లర లైన్లలో పదకొండు తేడాలు వచ్చాయి. ఏడు చోట్ల ఫంక్షన్ పేర్లు, మూడు చోట్ల కామెంట్లలో స్పెల్లింగు, పదకొండోది మేం జరిపిన ఆ లైను. ఆ స్క్రీన్ ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఆ పది తేడాల్లో ఒక్కటి కూడా చిప్ వల్ల వచ్చింది కాదు. అంటే అవి రెండు ఫైళ్ళు కావు, ఒకే ఫైలు రెండు చోట్ల పడి ఉంది, ఆ సంగతి దిద్దేవాళ్ళలో ఒక్కరికీ తెలీదు.

అప్పట్నుంచీ ఏ కోడ్ ఎక్కడ ఉండాలన్నా నేను ఒకటే అడుగుతాను: ఇక్కడ బగ్ దిద్దితే అక్కడా దిద్దాలా? దిద్దాలంటే అది ఒకచోటే ఉండాలి. అక్కర్లేదంటే, చూడ్డానికి ఎంత ఒకేలా ఉన్నా విడిగా ఉండనివ్వచ్చు.

లినక్స్‌లో జరిగింది చూడండి. 2003లో ఏఎండీ కంపెనీ ఆప్టెరాన్ చిప్ వచ్చి ఎక్స్86 ప్రపంచం, అంటే మామూలు పీసీల చిప్‌ల కుటుంబం, 64 బిట్‌లోకి అడుగుపెట్టింది. కెర్నల్‌లో ఆర్చ్ అనే డైరెక్టరీ కింద ప్రాసెసర్‌కి ఒక ఫోల్డరు ఉంటుంది కదా, అక్కడ 32 బిట్‌ది, పాత ఐ386, అలాగే ఉంది, పక్కన ఎక్స్86_64 అని ఇంకోటి వచ్చింది. అవి పూర్తిగా వేరుపడ్డాయా అంటే అదీ లేదు, కొన్ని ఫైళ్ళని 64 వైపు మేక్‌ఫైల్ (ఏ ఫైళ్ళు కంపైల్ చెయ్యాలో చెప్పేది) పక్క ఫోల్డర్‌లోంచి నేరుగా తెచ్చుకునేది. ఐ386లో ఫైలు మార్చేవాడికి అది 64లోకి కూడా వెళ్తోందని ఫోల్డర్ పేరు చూస్తే తెలిసే దారే లేదు. వేరు కాపురం పెట్టి పొయ్యి మాత్రం ఉమ్మడిగా వాడుకుంటే ఎలా ఉంటుందో అలా. 2007లో కెర్నల్ డెవలపర్లు థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ ఇద్దరూ రెండింటినీ కలిపేద్దామన్నారు. 64 వైపు చూసే ఆండీ క్లీన్ ఒప్పుకోలేదు, పాత చిప్‌ల అవస్థలన్నీ శుభ్రంగా ఉన్న కొత్త కోడ్‌లోకి తెచ్చుకోవడం ఎందుకన్నది ఆయన మాట. ఆ మాటలో న్యాయం ఉంది, కొట్టిపారేయకండి. చివరికి కలపాలన్నదే నెగ్గింది, 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నల్‌లో రెండూ ఆర్చ్ కింద ఎక్స్86 అనే ఒకే ఇంట్లోకి చేరాయి.

వాళ్ళు ఎలా కలిపారన్నది మీరు బాగా పట్టించుకోవాలి. మొదటి అడుగులో ఎవరూ కోడ్ కలపలేదు. ఫైళ్ళని ఒకే చోటికి చేర్చి, పేరు చివర _32 అని, _64 అని తగిలించారు, అంతే. ట్రాప్స్_32, ట్రాప్స్_64 పక్కపక్కన కూర్చున్నాయి. పక్కపక్కన ఉంటే ఒకటి దిద్దేవాడికి రెండోది కంటపడకుండా పోదు, మా శనివారం రాత్రి అవస్థ అక్కడికే సగం తీరిపోతుంది. ఆ తర్వాత ఒక్కో జత తీసుకుని, తేడాలు చిన్న చిన్న కమిట్లలో, అంటే విడివిడిగా నమోదు చేసిన మార్పుల్లో, తగ్గించుకుంటూ, రెండూ ఒకేలా అయ్యాక ఒకటి చేసి తోక తీసేశారు. ఏళ్ళు పట్టింది.

లినక్స్‌లోనే పవర్‌పీసీ అనే ఇంకో చిప్ కుటుంబం చూసేవాళ్ళు అంతకు ముందే, 2.6.15 నుంచి, కొత్తగా పవర్‌పీసీ అనే ఫోల్డర్ పెట్టి రెండు పాతవాటిలోంచి సామాను దాంట్లోకి చేరవేసుకున్నారు, 2008లో 2.6.27తో పాత ఇల్లు ఖాళీ. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళది మూడో దారి, ఐ386 ఉంది, ఏఎండీ64 ఉంది, రెండింటికీ పనికొచ్చేది ఎక్స్86 అనే మూడో ఫోల్డర్‌లో ఉంది. అదీ మంచి పద్ధతే, నాకు నచ్చుతుంది.

అన్నీ కలిపేయాలని మాత్రం అనుకోవద్దు. ఎక్స్86లో ఇన్నేళ్ళ తర్వాత కూడా సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడిగే పిలుపు) పట్టికలు రెండు, ఒకటి 32, ఒకటి 64. 32లో రైట్ (రాయమనడం) నంబరు 4, ఎగ్జిట్ (ఆగిపోవడం) నంబరు 1. 64లో రైట్ 1, ఎగ్జిట్ 60. ఒకదాని పట్టిక ఇంకోదానికి వాడితే, అక్షరం రాయమని అడిగిన ప్రోగ్రామ్ చచ్చి ఊరుకుంటుంది. బయట ప్రోగ్రాములు ఆ నంబర్లని నమ్ముకుని కంపైల్ అయిపోయాయి కాబట్టి వాటిని ఇక ఎవరూ కదపలేరు. కొత్తవాటికి జాగ్రత్తపడ్డారు, 2019లో 5.1 కెర్నల్ నుంచి కొత్త సిస్టమ్ కాల్స్‌కి దాదాపు అన్ని ప్రాసెసర్లలో ఒకే నంబరు ఇస్తున్నారు. ఉదాహరణకి ఐఓ యూరింగ్ సెటప్ అనే కాల్ రెండు పట్టికల్లోనూ 425.

ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్‌ల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2012 డిసెంబర్‌లో 3.7 కెర్నల్‌లో 64 బిట్ ఆర్మ్ వచ్చినప్పుడు దాన్ని పాత ఆర్మ్‌లో కలపకుండా ఆర్మ్64 అని విడిగా పెట్టారు. పేరు ఒకటే అయినా అది కొత్త ఇన్‌స్ట్రక్షన్ సెట్ (చిప్‌కి తెలిసిన ఆదేశాల జాబితా), పాతదాంట్లో రిజిస్టర్లు 16, ఇక్కడ 31, పాతదాంట్లో దాదాపు ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కీ కండిషన్ తగిలించుకోవచ్చు, ఇక్కడ అది లేదు. కేవీఎం కోడ్‌ని (వర్చువల్ మెషీన్లు నడిపేది) మాత్రం రెండింటికీ ఉమ్మడిగా బయట పెట్టుకున్నారు. 2020లో 5.7 కెర్నల్ నుంచి 32 బిట్ ఆర్మ్‌లో కేవీఎం తీసేశాక, ఇక పంచుకునేవాళ్ళు లేరు కనుక ఆ కోడ్ తిన్నగా ఆర్మ్64 ఇంట్లోకే వెళ్ళిపోయింది.

కలిపాక వచ్చే జబ్బు ఇంకోటుంది, ఇఫ్‌డెఫ్, అంటే ఈ చిప్ అయితేనే ఈ లైన్లు కంపైల్ చెయ్యి అనే షరతు. రెండు ఫైళ్ళని ఒకటి చేశామంటారు, తీరా తెరిస్తే అయిదు లైన్లకో ఇఫ్‌డెఫ్, ఏ చిప్‌కి ఏది కంపైల్ అవుతుందో చదివేవాడికి దిక్కు తోచదు. అది కలపడం కాదు, రెండు ఫైళ్ళని ఒకే చేటలో పోసి కలగలిపినట్టు. తేడాని హెడర్‌లోనో (మిగతా ఫైళ్ళు వాడుకునే నిర్వచనాల ఫైలు) ఒక పట్టికలోనో పెట్టి, పని చేసే కోడ్‌ని శుభ్రంగా ఉంచాలి.

దీనికి మీ కళ్ళెదురుగానే ఒకటి చూపిస్తాను. నేను 1989లో నంద్యాల నుంచి ఈ ఊరొచ్చినప్పుడు బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివేవాణ్ణి, తలకట్టు తప్ప మిగతాదంతా మన అక్షరంలాగే ఉంటుందని. యూనికోడ్‌లో మన క నంబరు 3093, కన్నడ క 3221, సరిగ్గా 128 తేడా, రెండు లిపుల పట్టికలూ ఒకే వరసలో పేర్చారు. కానీ కన్నడంలో కర్నాటక అని రాసి ఉన్న బోర్డు చూడండి, ర్ ముందు పలుకుతాం, దాని గుర్తు మాత్రం నా తర్వాత పడుతుంది. మన పాత పుస్తకాల్లో వలపలగిలక అదే. ఇప్పుడు మనం అలా రాయం. మీ ఫోన్లో ఈ అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ తెలుగుకొకటి కన్నడకొకటి కోడ్ రాసుకోలేదు, దేవనాగరి బెంగాలీలతో సహా అన్నింటికీ ఒకే ఫైలు, ఈ ర్ ఎలా పడాలన్నది ఒక పట్టికలో లిపికి ఒక వరస. ఎంత ముచ్చటగా ఉందో, నాకు ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

ఇక మీ కోడ్. ఇంటరప్ట్ వచ్చినప్పుడు 31 రిజిస్టర్లు దాచే అసెంబ్లీ ఫైలు మీకు రెండు చోట్ల ఉంది. ఒకదాంట్లో 31 ఎస్‌డబ్ల్యూలు (నాలుగు బైట్లు దాచే ఆదేశం), నాలుగేసి బైట్ల దూరంలో. ఇంకోదాంట్లో 31 ఎస్‌డీలు (ఎనిమిది బైట్లు దాచేది), ఎనిమిదేసి బైట్ల దూరంలో. అక్కడ ఒక రిజిస్టర్ మర్చిపోతే ఇక్కడా మర్చిపోయినట్టే, కాబట్టి ఇది ఒకటే ఫైలు. లినక్స్‌లో రిస్క్-ఫైవ్‌కి రెండూ ఒకే ఫోల్డరు, అక్కడ ఒక హెడర్‌లో రెగ్_ఎస్ అని మాక్రో (కంపైల్ అయ్యేటప్పుడు వేరే మాటగా మారే పేరు) ఉంటుంది, 64కి ఎస్‌డీ అవుతుంది, 32కి ఎస్‌డబ్ల్యూ అవుతుంది, సైజుకి ఎస్‌జెడ్‌రెగ్ అని ఇంకోటి. మీరూ అదే చెయ్యండి. పేజ్ టేబుల్ (మెమరీ చిరునామాలు మార్చే పట్టిక) కోడ్‌ని మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. 32 బిట్ పద్ధతి ఎస్‌వీ32కి రెండు అంచెలు, నాలుగు బైట్ల ఎంట్రీ. 64 బిట్ పద్ధతి ఎస్‌వీ39కి మూడు అంచెలు, ఎనిమిది బైట్లు. అంచెల సంఖ్యని పట్టికలో పెట్టి ఒకటి చెయ్యొచ్చు, కానీ మీకు అది రెండువైపులా బాగా చేతికొచ్చాక.

మొదటి కమిట్‌లో ఫైళ్ళు జరపడం, _32, _64 తోకలు తగిలించడం తప్ప ఒక్క అక్షరం మార్చకండి. జరపకముందు బిల్డ్ చేసిన కెర్నల్‌ని, జరిపాక చేసినదాన్ని కంపైల్ అయిన కోడ్‌ని విప్పి చూపే ఆబ్జ్‌డంప్ పెట్టి రెండింటి డిఫ్ చూడండి, ఫైల్ పేర్లు తప్ప ఇంకేమీ రాకూడదు. ఏదైనా వస్తే అక్కడే ఆగి నాకు ఫోన్ చెయ్యండి, అర్ధరాత్రైనా ఫరవాలేదు. శనివారం వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ మర్చిపోకండి, ఆ అసెంబ్లీ ఫైలు మనం ముగ్గురం కూర్చుని చేద్దాం.

మీ పెదనాన్న