నిరుడు విరగకాసిన పెకాన్ ఈ ఏడు ఎందుకు మొండికేసింది? అపోహలు, వాస్తవాలు

అక్టోబరు వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం పెకాన్ గురించే. అక్రోట్ (వాల్‌నట్) లాంటి గింజ కాసే పెద్ద చెట్టు ఇది. "నిరుడు బస్తాలకొద్దీ ఏరామండీ. ఈ ఏడు చెట్టంతా వెతికినా పట్టుమని పది కాయలు లేవు. ఏం తెగులు పట్టిందో వచ్చి చూడండి." టెక్సస్‌లో పెరటి చెట్లు చూసుకోవడమే నా పని కాబట్టి వెళ్తాను. చాలా ఇళ్లలో చెట్టు బాగానే ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు దాంతో పాటు వచ్చిన చెట్టు, నాటింది ఇంకెవరో. దాని నడత తెలియక ఇంట్లోవాళ్లు టెన్షన్ పడుతుంటారు.

అపోహ: కాపు తగ్గిందంటే చెట్టుకు జబ్బు చేసినట్టే.

వాస్తవం: పెకాన్‌ది ఏడు విడిచి ఏడు కాసే స్వభావం. కొన్ని మామిడి చెట్లలో మనం చూసేదే, ఇందులోనూ గట్టిగా కనిపిస్తుంది. కారణం కాయ నిండే సమయంలో ఉంది. పెకాన్ కాయ వేసవి నడిమి దాకా సైజు పెరుగుతుంది. లోపల పప్పు నిండేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఆ పప్పులో దాదాపు 70 శాతం నూనె. నూనె తయారు చేయడమంటే చెట్టుకు చాలా ఖర్చు. పీచ్ చెట్టు వేసవిలోనే కాయలు దించేసి, ఆకు రాలేలోపు నెలల తరబడి తేరుకుంటుంది. పెకాన్‌కు ఆ గడువు లేదు. పప్పు నింపడం పూర్తయిన కొద్ది వారాలకే మంచు పడి ఆకు రాలిపోతుంది. వేర్లలో, కొమ్మల్లో పిండి పదార్థం నిల్వ తక్కువగా ఉంటే మరుసటి వసంతంలో ఆడ పూత సరిగా రాదు.

అందుకే అక్టోబరులో "ఈ ఏడు ఏం చేశారు?" అని నేను అడగను. "నిరుడు ఎంత కాసింది? ఆకు ఎప్పుడు రాలింది?" అని అడుగుతాను. పెకాన్ ఆకు మంచు పడేదాకా చెట్టు మీద ఉండాలి. నల్ల పేనుబంక పట్టి, స్కాబ్ తెగులు సోకి, లేదా నీళ్లు లేక సెప్టెంబరులోనే ఆకు రాలితే దాని ఫలితం వచ్చే ఏడు కనిపిస్తుంది. ఈ ఎత్తుపల్లాలను పూర్తిగా మాన్పలేం. ఆకును కాపాడుకుంటే తేడా మాత్రం తగ్గుతుంది.

అపోహ: పక్కింటి చెట్టు కాసింది, మాది కాయలేదు. అంటే మా పోషణలోనే లోపం.

వాస్తవం: ఏ చెట్టు వరస దానిదే. పైగా గింజ నుంచి మొలిచిన పెకాన్ తల్లి చెట్టులా కాయదు, ప్రతి చెట్టూ వేరు రకమే. మంచి రకాన్ని అలాగే నిలబెట్టుకోవాలంటే అంటు కట్టాలి. ఆ పనిని తొలినాళ్లలోనే విజయవంతంగా చేసి చూపించినవాడు లూసియానాలో ఓక్ ఆలీ తోటలో బానిసగా ఉన్న ఆంట్వాన్. 1846-47 శీతకాలంలో ఆయన కట్టిన అంట్ల నుంచే తర్వాత సెంటెన్నియల్ అనే రకం వచ్చింది. పెకాన్ సాగు చేసే ప్రతివాళ్లూ ఆయనకు రుణపడి ఉన్నారని నా నమ్మకం. ఒక్కోసారి వసంతంలో ఆలస్యంగా పడిన మంచు లేత చిగుళ్లను మాడ్చేస్తుంది. అలాంటి ఏడు మాత్రం చుట్టుపక్కల చెట్లన్నీ కలిసే కాపు తప్పుతాయి.

అపోహ: వసంతంలో తోకల్లాంటి పూత విపరీతంగా వేలాడింది, కాపు ఖాయం.

వాస్తవం: ఆ తోకలు మగ పూత. నిరుటి కొమ్మ మీద వస్తాయి. కాయ అయ్యే ఆడ పువ్వులు కొత్త చిగురు కొసన చిన్న గుత్తిగా ఉంటాయి, వెతికితే గానీ కనిపించవు. బలం తగ్గిన చెట్టు కూడా మగ పూత పుష్కలంగా వేయగలదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే చెట్టు మీద మగ, ఆడ పూతలు సాధారణంగా ఒకే సమయానికి సిద్ధం కావు. పానీ, డిజైరబుల్ లాంటి రకాల్లో పుప్పొడి ముందు రాలుతుంది. స్టూవర్ట్, విచిటా లాంటి వాటిలో ఆడ పువ్వు ముందు సిద్ధమవుతుంది. తేనెటీగలతో పని లేదు, పుప్పొడిని గాలే మోస్తుంది. ఆ రోజుల్లో వాన పట్టుకుంటే పిందె తగ్గుతుంది. మీ వీధిలో నాలుగైదు పెకాన్లు ఉంటే మాత్రం పరపరాగ సంపర్కం గురించి బెంగ అక్కర్లేదు.

అపోహ: కాండానికి గాల్వనైజ్డ్ మేకులు కొడితే జింకు అందుతుంది.

వాస్తవం: అందదు, కాండానికి గాయం మాత్రం మిగులుతుంది. దయచేసి కొట్టకండి. జింకు లోపం మాత్రం నిజమే. ఆకులు చిన్నవై, కొమ్మ కొసన గుత్తిలా ముడుచుకుంటాయి. టెక్సస్‌లో చాలాచోట్ల ఉన్న సున్నపు నేలల్లో జింకు మట్టిలో వేసినా వేర్లకు పెద్దగా దొరకదు. చిగురు వేసినప్పటి నుంచి లేత ఆకుల మీద కొన్ని విడతలు పిచికారీ చేయాలి. పక్కన పీచ్, ప్లమ్ చెట్లుంటే జాగ్రత్త, జింక్ సల్ఫేట్ తుంపర పడితే వాటి ఆకు మాడుతుంది.

అపోహ: లాన్‌కు పెట్టే నీళ్లు, ఎరువు చెట్టుకూ సరిపోతాయి.

వాస్తవం: స్ప్రింక్లర్ నీళ్లు గడ్డి వేర్ల దగ్గరే ఆగిపోతాయి. కాయ పెరిగే, నిండే రోజుల్లో పెద్ద చెట్టుకు వారానికి 2 అంగుళాల దాకా నీరు కావాలి. అది లోతుకు ఇంకాలి, కాండం మొదట్లోనే కాక కొమ్మల అంచు దాకా, దాని అవతలికీ అందాలి. కాయ పెరిగేటప్పుడు నీళ్లు తగ్గితే సైజు తగ్గుతుంది. నిండేటప్పుడు తగ్గితే లోపలంతా తాలు. చివర్లో తగ్గితే పై తొక్క విచ్చుకోక కాయను పట్టుకునే ఉంటుంది. కలుపు మందు కలిపిన లాన్ ఎరువులను చెట్టు వేర్లున్న మేర చల్లకండి. వాటిలో కొన్ని మందులు పెకాన్‌నే దెబ్బ తీస్తాయి.

అపోహ: రాలిందంతా చెట్టు బలహీనత వల్లే.

వాస్తవం: రాలిన కాయను చేతిలోకి తీసుకుని చూడండి. మే నెలలో పిందె మొదట్లో చిన్న రంధ్రం, పురుగు విసర్జన, సన్నటి దారాలు కనిపిస్తే అది కేస్‌బేరర్ అనే గొంగళిపురుగు పని. శరదృతువులో పెంకుకు గుండ్రటి రంధ్రం ఉంటే ముక్కుపురుగు పిల్ల బయటికొచ్చినట్టు. అది మట్టిలోకి దిగి రెండు మూడేళ్లు ఉండగలదు, అందుకే పుచ్చు కాయలను వెంటనే ఏరి పారేయాలి.

అపోహ: కాయలు లేని ఏడు నీళ్లు పెట్టడం దండగ.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. కాయల భారం లేని ఈ ఏడే చెట్టు నిల్వలు నింపుకునేది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన లేకపోతే కాపు ఏట పెట్టినట్టే నీళ్లు పెట్టండి. పేనుబంక జిగురు కారి ఆకు మీద మసి పడుతోందా, పసుపు మచ్చలు వస్తున్నాయా అని ఆకును పైనా అడుగునా చూస్తూ ఉండండి. ఆకు రాలిన తారీఖు రాసి పెట్టుకోండి. వచ్చే అక్టోబరులో మీరు ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది అదే.